ఆత్మకథలో ‘నేను’: పాఠకుణ్ణి దగ్గరకు తీసుకునే తీరు

ఎవరైనా తమ సొంత సంగతి చెప్పడం మొదలుపెడితే మనం చెవి ఒగ్గి వింటాం. “అప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందంటే” అన్న మాటకు ఉన్న ఆకర్షణ ఉపన్యాసానికి ఉండదు. అయితే సొంత సంగతి అయినంత మాత్రాన పాఠకుడు చివరిదాకా వెంట వస్తాడా? చెప్పే వ్యక్తి తనను తాను ఎక్కడ నిలుపుకున్నాడన్నదాన్ని బట్టి పాఠకుడు దగ్గరవుతాడు, లేదా దూరమవుతాడు. రెండు ఆత్మకథల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

కందుకూరి వీరేశలింగం (1848–1919) ‘స్వీయ చరిత్రము’ గ్రాంథిక భాషలో సాగుతుంది. ఇందులోని ‘నేను’ సంఘ సంస్కర్త. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తాను జరిపించిన తొలి వితంతు వివాహం వంటి ఘట్టాలను ఆయన సాక్ష్యం చెబుతున్నట్లు నమోదు చేస్తారు. పాఠకుడు తీర్పరి స్థానంలో కూర్చుంటాడు. ఇది గౌరవం కలిగించే పద్ధతి, కానీ కొంత ఎడం ఉంచుతుంది. ఆ ఎడం ఒకచోట తొలగిపోతుంది. బహిష్కార భయంతో వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రాకపోతే, భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వంట చేశారు. ‘సంఘ బహిష్కారం’ అనే పెద్ద మాట ఇక్కడ ఒక బిందె బరువుగా మనకు తెలుస్తుంది. వాదం ఒప్పించలేని పాఠకుణ్ణి కూడా ఆ బిందె కదిలిస్తుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) దారి వేరు. ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ అన్న పేరులోనే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న ధోరణి ఉంది. వేదం, సంస్కృతం చదువుకునే ఇంట్లో తెలుగు రచన చిన్నచూపుకు గురైన కాలం అది. ఆ ఇంటి పిల్లవాడి మనసు తెలుగు మీదికి పోయింది. భాష గురించిన పెద్ద చర్చను ఆయన ఇంటి గొడవగా చెబుతారు. పెద్దల మీద గౌరవం, వారి మాట దాటాలన్న పట్టుదల ఒకే మనిషిలో పెనుగులాడతాయి. పాఠకుడికి తన ఇల్లు గుర్తుకు వస్తుంది. తీర్పరిగా కాక, అరుగు మీద పక్కన కూర్చున్నవాడిగా వింటాడు.

అయితే ఈ ఆకర్షణకు ఒక పరిమితి ఉంది. ‘నేను’ గట్టిగా వినిపించేకొద్దీ పక్కవారి గొంతు సన్నగిల్లవచ్చు. 1881 నాటి పెళ్లిలో ఎవరి బతుకు మలుపు తిరిగిందో ఆ వధువు గౌరమ్మ మనకు సంస్కర్త మాటల్లోనే కనిపిస్తుంది. ఆ రోజు ఆమె ఏమనుకుందో మనకు వినిపించదు. నీళ్లు మోసిన రాజ్యలక్ష్మమ్మ సంగతీ అంతే, భర్త చెబితేనే మనకు తెలుస్తుంది. ఇలా అన్నందువల్ల కందుకూరి కృషి విలువ తగ్గదు. ఒక్కరి అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినా అది ఒక వైపు నుంచి చూసిన సత్యమేనని మాత్రం తేలుతుంది.

కాబట్టి ఆత్మకథను చదివేటప్పుడు మీరు రెండు పనులు చేయాలి. మొదట, కథకుడి వెంట మనసారా నడవాలి. పుస్తకం మూశాక, ఆ కథలో ఉండి కూడా మాట్లాడనివారు ఎవరో వెతకాలి. మొదటిది లేకపోతే సాహిత్యానందం లేదు, రెండవది లేకపోతే విమర్శ లేదు.

ఆలోచించండి: మీ ఇంట్లో తరచుగా చెప్పుకునే ఒక సంఘటనను, అందులో ఇంతవరకు మాట్లాడని వ్యక్తి వైపు నుంచి పది వాక్యాల్లో రాయండి. కథలో ఏం మారిందో గమనించండి.