గడి కొట్టేసే కొలువు

"ఇంతకూ నీ కొలువేంది బిడ్డా?" అని మా అవ్వ ఏడాదికొకసారైనా అడుగుతుంది. ప్రైవసీ పాలసీ అనలిస్ట్ అంటే ఆమెకు ఎక్కదు. నాకూ పూర్తిగా ఎక్కిందని చెప్పలేను. కిందటిసారి ఇలా చెప్పాను: "సర్కారు ఫారాలు తయారుచేసేటోళ్లు ఊరికే అన్నీ అడుగుతరవ్వా. కులమేంది, రోగమేంది, మొగుడున్నడా లేడా అని. ఈ గడితోని ఏం పని అని నేను అడగాలె. జవాబు లేకుంటె కొట్టేయించాలె." ఆమె కాసేపు నా మొహం చూసి, "గడులు కొట్టేస్తె పైసలిస్తరా!" అంది.

ఈ పని నాకు మొదట నేర్పింది మా నాయన చేతిరాత. మాది కామాఠిపుర, పదో గల్లీ. పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి, బొంబాయికి రాళ్లు మోసి గోడలు లేపిన తెలుగు కూలీలను కామాఠీలన్నారు. పేటకు ఆ పేరు వాళ్లతోనే వచ్చింది. ఊళ్లో మిగతావాళ్లకు మాత్రం ఆ పేరు వినగానే గుర్తొచ్చేది వేరు: రెడ్‌లైట్ ఏరియా. అందుకే బడి ఫారమైనా, నౌకరీ దరఖాస్తైనా నాయన 'ముంబై సెంట్రల్, 400008' అని రాసేవాడు. అబద్ధం కాదు, పిన్‌కోడ్ అదే. సున్నితమైన వ్యక్తిగత సమాచారం అంటే ఏమిటో 2011లో కేంద్రం ఒక జాబితా ఇచ్చింది. పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వేలిముద్రల వంటివి ఉన్నాయి. చిరునామా లేదు. 2023 డేటా రక్షణ చట్టమైతే సున్నితం, మామూలు అన్న తేడానే తీసేసింది. ఇంటర్వ్యూలో "అచ్ఛా, కామాఠిపురా?" అన్న తర్వాత గదిలో పడే నిశ్శబ్దం ఆ జాబితా రాసినవాళ్లు విని ఉండరు.

ఒక్కో గదిలో ఒక్కో కాపురం ఉండే చాల్‌లో ప్రైవసీ ఎక్కడిదని ఆఫీసులో నవ్వుతారు. వర్లీ బీడీడీ చాల్‌లో మా పెద్దవ్వ ఖోలీ 160 చదరపు అడుగులు. పాయిఖానాలు అందరివీ ఒకచోటే. ఎవరింట్లో ఏం కూర, ఎవరి బిడ్డ అత్తగారింటి నుంచి తిరిగొచ్చింది, ఎవరు టీబీ గోలీలు మింగుతున్నారు, అన్నీ అందరికీ తెలుసు. కానీ కొత్త మనిషి వచ్చి నల్లా దగ్గర ఆరా తీస్తే అందరిదీ ఒకటే మాట: "మాకేం తెల్వది సాబ్." ఫైళ్లలో మేం గోప్యత అని రాసేదానికి ఇళ్లలో గుట్టు అని పేరు. గోప్యత అంటే ఎవరికీ తెలియకపోవడం అనుకుంటారు ఫైలువాళ్లు. గుట్టు అట్లా కాదు. తెలియాల్సినవాళ్లకు తెలిసే ఉంటుంది, గడప మాత్రం దాటదు. దాన్ని రిజిస్టర్‌లో ఎక్కించామా, గడప దాటించినట్టే.

రిజిస్టర్లు మా గల్లీలకు కొత్త కావు. తన సైనికులకు సుఖరోగాలు అంటకుండా బ్రిటిష్ సర్కారు 1868లో ఒక చట్టం తెచ్చింది. ఒళ్లమ్ముకునే ఆడవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి, వైద్య పరీక్షకు రావాలి. బొంబాయిలో అది అమలై, ఆగి, మళ్లీ మొదలై, చివరికి 1888లో రద్దయింది. మగవాళ్లకు మాత్రం ఆ చట్టంలో రిజిస్టర్ లేదు. ఏ కొత్త పథకం ముసాయిదా చేతికొచ్చినా నేను మొదట వెతికేది అదే: ఎవరి పేరు రాస్తున్నారు, ఎవరిది వదిలేస్తున్నారు.

అట్లాగని జాబితాలన్నీ పాపం కాదు. 2020లో కోవిడ్ రోజుల్లో అవే తిండి పెట్టాయి. గుర్తింపు కార్డు అడక్కుండా సెక్స్ వర్కర్లకు రేషన్ ఇవ్వమని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు, ఎవరికివ్వాలో తేల్చే పని ఎయిడ్స్ నియంత్రణ సంస్థ న్యాకో మీద కూడా పడింది. 2022 మే 19న జస్టిస్ లావు నాగేశ్వరరావు బెంచ్ ఇంకో అడుగు వేసింది. న్యాకో అధికారి లేదా రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంఘం అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో వాళ్లకు ఆధార్ ఇవ్వాలి, కానీ వాళ్ల వృత్తి పట్టించే కోడ్ ఏదీ నంబర్లో పెట్టరాదు. నా వృత్తిలో కొత్తగా చేరేవాళ్లకు ముందుగా చదివించాల్సిన ఉత్తర్వు అది. కాకపోతే కోడ్ నంబర్లోనే ఉండక్కర్లేదు. ఏ ఫారంలో చూసినా 'ఏ పత్రం చూపారు' అనే గడి ఒకటుంటుంది. అందులో ఎయిడ్స్ సంస్థ పేరు పడితే కౌంటర్ దగ్గరి కుర్రాడికి కథంతా చెప్పినట్టే. పత్రం చూశాం అని టిక్కు పెడితే చాలదా అని అడుగుతాను. ఆ చిన్న టిక్కు కోసం ఆరు మీటింగులు పట్టిన రోజులున్నాయి.

పేరు రాయకపోయినా పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు సంగతులతోనే అమెరికాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టింది. మా బిల్డింగుకు అంత లెక్క అక్కర్లేదు. 'పదో గల్లీ, మాతృభాష తెలుగు, వితంతువు, వయసు 70 పైన: 1' అని పట్టికలో పడితే అది మా అవ్వేనని కింద కిరాణా అతను చెప్పేస్తాడు. ఇట్లాంటి చిన్న అంకెలు అచ్చులో వద్దని నోట్ పెడితే, "పేరు లేదు కదా మేడమ్" అని వెనక్కొస్తుంది.

2023 చట్టం అనుమతి పత్రం తెలుగులో కూడా అడిగే హక్కు ఇచ్చింది. మంచిదే. కానీ సబ్సిడీలు, సర్టిఫికెట్ల దగ్గర ప్రభుత్వం చాలాసార్లు ఆ అనుమతే అడగక్కర్లేదని అదే చట్టం ఏడో సెక్షన్ అంటుంది. మా అవ్వలాంటివాళ్లు ప్రభుత్వం ముందు నిలబడేదే అక్కడ.

నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఒక పథకంలో ఫోన్ నంబరు గడి వద్దని పట్టుబట్టి తీయించాను. ఖాతాలో పేరు కలవక డబ్బు వెనక్కి పోయినవాళ్లకు కబురు చేసే దారి లేకుండాపోయింది. ఆ నోట్ మీద సంతకం నాదే.

ఇప్పుడు మా గల్లీలన్నీ కూల్చి కొత్తగా కడతామంటున్నారు, మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా పర్యవేక్షణలో. వివరాలు రాసుకోవడానికి ఒకబ్బాయి వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. ఏ గడి దగ్గర అడ్డుపడాలా అని అతని భుజం మీదుగా తొంగిచూస్తున్నాను. అవ్వ ట్రంకుపెట్టెలోంచి పాత కరెంటు బిల్లు, కిరాయి రసీదులు తీసి ముందు పెట్టింది. అతను అడ్రస్ అడిగాడు. నాయన జీవితమంతా రాయని ఆ పేరును ఆమె గట్టిగా చెప్పింది: "కామాఠిపుర. పదో గల్లీ." అతను రాసుకున్నాక ఊరుకోలేదు, పైకి చదివించుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "సూడు బిడ్డా, అక్షరం తప్పు పోలేదు గదా?" అంది.