‘అ – అమ్మ’ దాటని చదువు: ప్రాథమిక తరగతిలో పఠన బోధన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: పిల్లలకు చదవడం రాకపోవడానికి వారి అశ్రద్ధను, ఇంటి పరిస్థితులను కారణంగా చూపడం పరిపాటి. తొలి వాచకంలోని పదాల ఎంపిక, పిల్లల ఇంటిభాష, పఠన వేగాన్ని కొలిచే పద్ధతి – ఈ మూడింటిలోనూ ఆ కారణాలు ఉన్నాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పఠన బోధన, వాచకం, గుణింతం, ఇంటిభాష, లంబాడీ, కోయ.

1. ప్రవేశిక

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం మండలంలో లంబాడీ తండాలు ఎన్నో ఉన్నాయి. తూర్పున భద్రాచలం అడవుల వైపు సాగితే కోయగూడేలు కనిపిస్తాయి. ఈ పిల్లలూ, ఇంట తెలుగే మాట్లాడే పిల్లలూ ఒకే తరహా తెలుగు వాచకంతో చదువు మొదలుపెడతారు. గ్రామీణ భారతంలో 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతమని అసర్ నివేదికలు తెలిపాయి. నూటికి డెబ్బైమందికి పైగా పిల్లలు వెనుకబడినప్పుడు లోపాన్ని పిల్లల్లో కాక బోధనాక్రమంలో వెతకడం సమంజసం.

2. తొలి పాఠంలోని వైరుధ్యం

వాచకాల్లో, గోడపటాల్లో విరివిగా కనిపించే పదాలు ఇవి: అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ, ఉడుత, ఊయల, ఎలుక, ఏనుగు, ఐదు, ఒంటె, ఓడ, ఔషధం. ఈ పన్నెండింటిలో గుణింతపు గుర్తు, ఒత్తు, సున్న లేకుండా చదవగలిగినవి ఈగ, ఊయల, ఓడ మాత్రమే. మొట్టమొదటి పదమైన ‘అమ్మ’లోనే మకారానికి ఒత్తు ఉంది. ‘ఇల్లు’లో ఒత్తుతో పాటు కొమ్ము కూడా ఉంది. ఒత్తులను నేర్పేది మాత్రం అన్నిటికన్నా చివర. కాబట్టి తొలి రోజుల్లో పిల్లవాడు ‘అమ్మ’ అన్నప్పుడు బొమ్మను గుర్తుపడుతున్నాడే తప్ప పదాన్ని చదవడం లేదు. బొమ్మను చేతితో మూస్తే చదువు ఆగిపోతుంది.

ఆ పదాలు చదవడానికి కావు, అచ్చుల ధ్వనిని పరిచయం చేయడానికేనని సమాధానం చెప్పవచ్చు. ఇంట ‘అమ్మ’ అని పిలిచే పిల్లల విషయంలో ఆ సమాధానం చెల్లుతుంది.

3. ఇంటి మాట – బడి మాట

లంబాడీ ఇంట తల్లి ‘యాడి’, ఇల్లు ‘ఘర్’. ఇల్లు బొమ్మ చూసి ‘ఘర్’ అన్న పిల్లవాడి నోట ‘ఇ’ అనే ధ్వని పలకనే లేదు. బొమ్మ నుంచి ధ్వనికి, ధ్వని నుంచి అక్షరానికి వెళ్లవలసిన దారి అక్కడే తెగిపోయింది. అతడు అక్షరంతో పాటు కొత్త పదాన్నీ కంఠస్థం చేయాలి.

కోయలో ‘ఏరు’ అంటే నీరు. ‘పిల్లలు ఏరు దాటారు’ అన్న తెలుగు వాక్యాన్ని కోయ బాలిక తప్పులేకుండా పలికినా, ఆమె మనసులో మెదిలేది వాగు కాకపోవచ్చు. ఉచ్చారణను మాత్రమే వినే ఉపాధ్యాయునికి ఈ తేడా తెలియదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, బంజారా సహా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ఆరంభమైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ సమస్యను గుర్తించింది. తెలిసిన మాటతో లిపిని, తెలిసిన లిపితో కొత్త భాషను నేర్పవచ్చన్నదే అందులోని విలువైన సూత్రం.

4. వేగం ఎవరి కొలమానం?

2021లో మొదలైన నిపుణ్ భారత్ 3వ తరగతి పిల్లలు అర్థవంతంగా నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టింది. తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ ఆరంభమైంది. లక్ష్యం మంచిదే, కాని ‘పదం’ అన్ని భాషల్లో ఒకే పరిమాణం కాదు. ‘వెళ్తున్నానన్నాడు’ తెలుగులో ఒకే పదం. అదే అర్థానికి ఇంగ్లీషులో నాలుగైదు పదాలు కావాలి. 2022 నాటి జాతీయ మౌలిక అభ్యసన అధ్యయనం భాషలవారీగా ప్రమాణాలను నిర్ణయించడం ఈ దృష్ట్యా సమర్థనీయం. అయినా తరగతి గదిలో గడియారం ముందు కూర్చున్న పిల్లవాడు అర్థాన్ని వదిలి పరుగెత్తే ప్రమాదం ఉండనే ఉంది.

5. చేయదగినవి

వర్ణమాల క్రమం ఉచ్చారణ స్థానాలను బట్టి ఏర్పడింది. అది వ్యాకరణానికి అనువైనది. చదువు నేర్పడానికి అదే క్రమం అవసరం లేదు. ఙ, ఞలు కంఠస్థమయ్యేదాకా పదాన్ని ఆపనక్కరలేదు. త, ల, వ, ప, క, డ – ఈ ఆరు అక్షరాలతోనే తల, వల, కల, వడ, పలక, పడవ చదవవచ్చు. దీర్ఘం ఒక్కటి చేరితే తాత, పాప, పాక, వాడ వస్తాయి. కొమ్ము చేరితే పాలు, కాలు, తాడు వస్తాయి. ప్రతి మెట్టులోనూ పిల్లవాడు బొమ్మ సాయం లేకుండా నిజంగా చదువుతాడు. ఆపై ద్విత్వాలు, చివర సంయుక్తాలు.

తండా పిల్లలు తమ భాషలో చెప్పిన రెండు వాక్యాలను ఉపాధ్యాయుడు తెలుగు లిపిలో నల్లబల్లపై రాసి చదివించవచ్చు. చదివాక ‘ఏం జరిగింది?’ అని అడిగి, జవాబు ఇంటిభాషలో వచ్చినా అంగీకరించాలి. అర్థమైందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు.

6. ముగింపు

తొలి పాఠంలో చదవలేని పదాన్ని ఇచ్చి, ఇంట లేని మాటను అడిగి, చివరకు వేగాన్ని కొలిచి ‘వీడికి చదువు రాదు’ అని తీర్పు చెప్పడం న్యాయం కాదు. పదాల ఎంపికను మార్చడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. తండాల్లో, గూడేల్లో ఉపాధ్యాయులు అనుసరిస్తున్న క్రమాలను నమోదు చేసి, వాచకాల్లోని పదాలను ఈ దృష్టితో లెక్కించే పరిశోధన ఇకనైనా జరగాలి.