మడమ మీద దెబ్బలు

భద్రాచలం ఏజెన్సీలో ఎండలు ముదిరితే తునికాకు కోత. చీకటితోనే అడవిలోకి నడవాలి. తెచ్చిన ఆకును యాభై చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చాలి. ఆ పనికి వెళ్లే ఆడవాళ్ల నోట తరచూ వినే మాట: పొద్దున్నే కాలు కింద పెడితే ప్రాణం పోతుంది, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు.

మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటుంటుంది. అది మడమ దగ్గర దెబ్బతింటే వచ్చే నొప్పి ఇది. నాకూ వచ్చింది. అడవిలో నడిచి కాదు, ఇంట్లో గ్రానైట్ మీద చెప్పుల్లేకుండా తిరిగి. ఖమ్మంలో గ్రానైట్‌కేం కొదవ! నెలల తరబడి తగ్గకపోతే షాక్‌వేవ్ పెట్టించుకున్నాను.

కరెంటు షాకేమీ కాదు, ఒత్తిడి అలలు. పుట్టింది కిడ్నీ రాళ్ల కోసం. డోర్నియర్ అనే విమానాల కంపెనీ తయారుచేసిన యంత్రంతో 1980లో మ్యూనిక్ డాక్టర్లు తొలిసారి ఒక రోగి కిడ్నీ రాయిని కోత లేకుండా పగలగొట్టారు. మడమ నొప్పికి అమెరికాలో అనుమతి 2000లో దొరికింది. రాళ్లను పగలగొట్టిన యంత్రం కదా అని కాబోలు, మడమ ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముల్లు కూడా పొడైపోతుందని చాలామంది ఆశపడతారు. అవదు. నొప్పి లేని కాళ్లలోనూ ఆ ముల్లు ఉంటుంది. మానకుండా మొండికేసిన పట్టీని కదిలించి మళ్లీ మానేలా చేయడమే ఈ వైద్యం ఉద్దేశం.

ఫిజియోథెరపిస్టు ముందు బొటనవేలితో మడమంతా వెతికింది. నేను 'అమ్మా' అన్నచోట పెన్నుతో గుర్తు పెట్టి, జెల్ రాసి, గొట్టం ఆనించింది. టకటకటక, వేలల్లో దెబ్బలు. నా ముఖం చూస్తూ, ఓర్చుకున్నంత మేరే జోరు పెంచింది. పనితనమంతా ఆ బొటనవేలిదే అంటాను. మిషన్ ఎవరైనా కొనొచ్చు. వారానికోసారి, కొన్ని వారాలు. గుణం తెలియడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

అయినా ఇది మొదటి వైద్యం కాదు. పిక్కను, అరికాలిని సాగదీయడం, మెత్తటి చెప్పులు వీటితోనే చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది. ఆరు నెలలైనా లొంగకపోతేనే మిషన్. తొలిరోజే ప్యాకేజీ కట్టమంటే లేచి వచ్చేయండి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే ఆ సంగతి చెప్పాలి. వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమ నొక్కే కాపడం హాయిగానే ఉంటుంది. కానీ షుగరుతో అరికాలు మొద్దుబారినవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు, కాలినా తెలియదు.

ఆకు కోతకు వెళ్లే అక్కచెల్లెళ్లకు ఇదొక్కటి చెప్పండి. మంచం దిగకముందే కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి, పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. అలా పదిసార్లు. రూపాయి ఖర్చు లేదు.