ఎవరి గుట్టు?

ఆడవాళ్ల నోట నువ్వుగింజ నానదంటారు. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946-51) ఎందరో స్త్రీలు దళాలకు ఉత్తరాలు చేరవేశారు, ఆచూకీలు దాచారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే ఆ సామెత ఎంత అబద్ధమో తెలుస్తుంది. కానీ నన్ను కలవరపెట్టేది వాళ్లు దాచుకున్న రెండో గుట్టు. అజ్ఞాతంలో కన్నబిడ్డను ఇచ్చేయాల్సి వచ్చిన కమలమ్మను ఆ దుఃఖం గురించి అంతకుముందు ఎవరడిగారు? ఉద్యమ రహస్యం దాస్తే అది ధైర్యం; సొంత గాయం దాచుకుంటే అది క్రమశిక్షణ. ఈ రెండు మౌనాలూ ఒకటి కావు. మొదటిది వాళ్లు ఎంచుకున్నది, రెండోది వినేవాళ్లు లేక మిగిలిపోయింది. సాటి స్త్రీలు ఎదురుగా కూర్చుని అడిగాకే అది మాటయింది. మన అమ్మల్ని మనమింకా ఏం అడగలేదు?