కోయకుండా, అతికించకుండా

కోయకూడదు. జిగురు పెట్టకూడదు. రంగు పూయకూడదు. అచ్చులోంచి ఏ ముక్క ఎలా వచ్చిందో దాన్ని అలాగే వాడాలి. అమెరికాలో లెగో ఇటుకలతో సొంత నమూనాలు కట్టే పెద్దవాళ్లలో చాలామంది తమకు తామే పెట్టుకున్న నియమాలివి. పాటించమని ఎవరూ బలవంతం చేయరు. అయినా ఈ కట్టుబాటు లేకపోతే ఈ కళే లేదని నా నమ్మకం.

ఇలాంటి కట్టడాన్ని వాళ్లు 'మాక్' అంటారు. పెట్టెలో వచ్చిన పుస్తకం చూసి కట్టింది మాక్ కాదు. మొదటి ఊహ నుంచి ఆఖరి ముక్క దాకా కట్టినవాళ్లదే అయి ఉండాలి. ఇటుక పుట్టిల్లు డెన్మార్క్‌లోని బిల్లుండ్. ఇప్పటి తరహా ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ బిగుస్తుంది. కొలత మారలేదు కాబట్టే దాని మీద ఇంత నేర్పు పెరిగింది.

ఆ కొలత సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇటుక మీది ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6. పలచని ప్లేటు ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక. ఇప్పుడు ఐదు ప్లేట్లు పేర్చండి. ఎత్తు 16 మిల్లీమీటర్లు వస్తుంది, సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు! ఆ దొంతరను పక్కకు పడుకోబెడితే రెండు బుడిపెల జాగాలో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది. బుడిపెలు ఎప్పుడూ పైకే ఉండాలన్న అలవాటు మాని, పక్కకూ కిందికీ తిప్పి కట్టే 'స్నాట్' పద్ధతికి పునాది ఈ లెక్కే. పక్కగోడకు బుడిపె ఉన్న హెడ్‌లైట్ ఇటుక, వరసను సగం బుడిపె పక్కకు జరిపే జంపర్ ప్లేటు ఈ పనిలో పెద్ద సాయం. కారు ముందుభాగం నునుపుగా రావాలన్నా, కిటికీ చట్రం సన్నగా కనిపించాలన్నా, గోడలో అక్షరాలు పొదగాలన్నా స్నాట్ తెలిసి తీరాలి.

మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలైతే కష్టం వేరు. భుజానికీ తొడకూ టకటకమని మెట్టుమెట్టుగా ఆగే గట్టి కీళ్లు కావాలి. వేళ్లకు చిన్న బంతికీళ్లు చాలు. బరువు పాదాల మీద సరిగా పడకపోతే బొమ్మ ముందుకు వాలిపోతుంది. ఇక ఏ ముక్కను దేనికి వాడారన్నది తోటివాళ్లు మొదట వెతికి చూసే విషయం. 2021లో కంపెనీ తన బోన్సాయ్ చెట్టుకు పూలుగా గులాబీరంగు కప్పలనే పెట్టిందంటే, అభిమానుల మధ్య ఎప్పటినుంచో ఉన్న ఆ సరదాకు దక్కిన గౌరవమే అది.

సియాటెల్‌లో 2012లో జరిగిన బ్రిక్‌కాన్ ప్రదర్శనలో ఆలిస్ ఫించ్ కట్టిన, హ్యారీ పాటర్ కథల్లోని హాగ్వార్ట్స్ కోట అగ్ర బహుమతి గెలుచుకుంది. దాదాపు 4 లక్షల ముక్కలు. బయటి గోడలే కాదు, లోపలి తరగతి గదులు కూడా చిన్న మనుషుల బొమ్మల కొలతకు కట్టారామె. షికాగో వాస్తుశిల్పి ఆడమ్ రీడ్ టక్కర్ ఈ ఇటుకలతో ఆకాశహర్మ్యాలు కట్టారు. ఆయన చొరవతోనే 2008లో కంపెనీ ఆర్కిటెక్చర్ వరస మొదలైంది. న్యూయార్క్‌లో న్యాయవాద వృత్తి వదిలిన నేథన్ సవాయా శిల్పాలు మ్యూజియాలకెక్కాయి. ఆయన మాత్రం జిగురు వాడతారు, ఊరూరా తిరిగే శిల్పాలకు అది తప్పదు.

నా మనసు గెలిచింది మాత్రం న్యూజెర్సీకి చెందిన మైక్ డాయిల్ కట్టిన పాడుబడ్డ విక్టోరియన్ ఇళ్లు. ఒరిగిన వసారాలు, ఊడిన పలకలు, చీకటి కిటికీలు. నిటారుగా నిలవడానికే పుట్టిన ముక్కలతో కుంగిపోవడాన్ని చూపించారాయన. వాటిలో కొయ్య లేదు, రంగు లేదు, ఉన్నవన్నీ లెగో ముక్కలే. నియమానికి లోబడి పనిచేసే చెయ్యి ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే ఆ ఇళ్లు చూడాలి.

ఇది ఖరీదైన అభిరుచే, కాదనను. 2000లో మొదలైన బ్రిక్‌లింక్ సంతలో కావలసిన ముక్కలను విడిగా కొనుక్కోవచ్చు కాబట్టి భారం కొంత తగ్గింది. 2019లో ఆ సంతను కంపెనీయే కొనేసింది. అభిమానుల ఊహలకూ కంపెనీ సొంత వేదిక లెగో ఐడియాస్‌లో చోటు దొరుకుతోంది. 10 వేల ఓట్లు పడిన నమూనాను కంపెనీ పరిశీలిస్తుంది. మాయా వైన్‌స్టాక్ రూపొందించిన నాసా మహిళల బొమ్మలు ఆ దారిలోనే 2017లో దుకాణాలకు చేరాయి.

అమెరికాలో ఉన్న తెలుగు అమ్మానాన్నలకు ఒక మనవి. పిల్లలు పుస్తకం చూసి కట్టినదాన్ని అద్దాల అల్మరాలో దాచేయకండి. విప్పనివ్వండి. అదే గుట్టలోంచి వాళ్లకు తోచింది కట్టనివ్వండి. సంక్రాంతికి కొలువు పెట్టినప్పుడు కొండపల్లి బొమ్మల పక్కన, వాళ్లు సొంతంగా కట్టినదానికీ ఒక మెట్టు మీద చోటివ్వండి.