చేతికి తగిలే గడ్డకి ప్రోబ్ ఎందుకు?

ఆపరేషన్ థియేటర్లో మెషిన్లు పెరిగిపోతున్నాయని నేను గొణగడం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. ఈ వారం ఓ కుర్ర సర్జన్ రొమ్ము క్యాన్సర్ కేసు చూడ్డానికి రమ్మన్నాడు. గడ్డ రెండు సెంటీమీటర్లు. తడిమితే గోళీకాయలా తగులుతోంది. అయినా అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కి స్టెరైల్ తొడుగు వేయించాడు. "చేతికి తెలుస్తుంటే ఇదెందుకయ్యా?" అన్నాను. "చూస్తూ ఉండండి సార్" అన్నాడు.

మా ప్రొఫెసర్‌గారు చూసుంటే ఊరుకునేవారు కాదు. వేలికొనలతో పొడిస్తే ఆయనకి మండిపోయేది. మధ్య మూడు వేళ్ల మెత్తటి భాగంతో, కళ్లు మూసుకుని తడమాలి. చంకలో చూడ్డం మర్చిపోయామో, "సగం పరీక్షకి సగం మార్కులేరా" అనేవారు. మామోగ్రామ్‌లో కనిపించి చేతికి అందని గడ్డలొచ్చాక ఆ విద్య చాల్లేదు. అలాంటి గడ్డ ఎక్కడుందో గుర్తుగా పొద్దున్నే ఎక్స్‌రే గదిలో కొక్కెం తీగ గుచ్చి, పైన టేపు అంటిస్తారు. థియేటర్ పిలుపు వచ్చేదాకా పేషెంటు ఆ తీగతోనే, ఖాళీ కడుపుతో కూర్చోవాలి. అల్ట్రాసౌండ్‌లో కనిపించే గడ్డయితే ఆ బాధ అక్కర్లేదు. మత్తిచ్చాకే వెతుక్కోవచ్చు. అంతవరకూ నాకూ పేచీ లేదు.

మరి చేతికి తగిలే గడ్డకో? కుర్రాడు కోత పెట్టాక ప్రోబ్‌ని గాయంలోకే దించాడు. తెర మీద నల్లటి గడ్డ, దాని కింద తను కోస్తున్న గీత. మధ్య దూరం తక్కువగా ఉంటే ఇంకాస్త లోతుకి వెళ్లాడు. తీసిన ముక్కని సెలైన్ గిన్నెలో వేసి, ప్రోబ్‌తో అంచులు మళ్లీ చూశాడు. గడ్డ ఉందని వేలు చెబుతుంది గానీ, కోతకి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పలేదు.

నెదర్లాండ్స్‌లో 134 మంది మీద జరిగిన కోబాల్ట్ పరిశోధనలో అందరివీ చేతికి తగిలే క్యాన్సర్లే. చేత్తో తడిమి తీసినవాళ్లలో 17 శాతం మందికి అంచుల్లో క్యాన్సర్ మిగిలింది. అల్ట్రాసౌండ్‌తో తీస్తే 3 శాతమే. కోసి తీసిన కండ కూడా తక్కువే. 2013లో లాన్సెట్ ఆంకాలజీలో అచ్చయింది. ఆ లెక్కకి నా దగ్గర ఎదురు వాదన లేదు. మన దగ్గర థియేటర్ మెషిన్‌ని కూడా 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం, ఆ కాగితాల తలనొప్పి పడాల్సిందే.

రొమ్ములో గడ్డ తీయించుకోబోయేవాళ్లు, "ఆపరేషన్ మధ్యలో అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారా డాక్టరుగారూ?" అని మొహమాటపడకుండా అడగండి. మామోగ్రామ్‌లో సన్నటి కాల్షియం చుక్కలు తప్ప గడ్డేమీ లేకపోతే మాత్రం, తీగే వేయాలని ఆయనంటే నమ్మండి. ఆ చుక్కలు అల్ట్రాసౌండ్‌కి సరిగా కనపడవు.