సొలెదాద్‌కి ఇంగ్లీషు చుట్టాలు

గాబ్రియేల్ గార్సియా మార్కేస్ 1967లో వెలువరించిన ‘నూరేళ్ళ’ నవల పేరులో చివరి మాట సొలెదాద్. 1970లో గ్రెగరీ రబాసా దాన్ని ఇంగ్లీషులో సాలిట్యూడ్ చేశాడు. మనలో చాలామంది ఆ నవలని ఇంగ్లీషులోనే చదివాం. అందుకే ‘ఏకాంతం’ అన్న మాట చప్పున నోటికొస్తుంది. అది సరిపోతుందా అన్నదే ప్రశ్న.

రెండు మాటలదీ ఒకటే పుట్టిల్లు. లాటిన్‌లో ‘సోలుస్’ అంటే ఒక్కడే అని. దాన్నుంచి వచ్చిన ‘సోలితాస్’ స్పానిష్ నోళ్ళలో నలిగి, ‘త’ కాస్తా ‘ద’ అయి, సొలెదాద్‌గా తేలింది. ‘సోలితూదో’ అనే ఇంకో రూపం ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి చేరి సాలిట్యూడ్ అయింది. అంటే ఇవి తల్లీకూతుళ్ళు కావు, అక్కచెల్లెళ్ళ పిల్లలు. ఇంగ్లీషులో ఈ కుటుంబం పెద్దదే: సోల్, సోలో, పాడుబడ్డ చోటుని చెప్పే డెసొలేట్, చివరికి మూతి ముడుచుకు కూర్చునే సలెన్ కూడా.

చుట్టరికం ఉన్నంత మాత్రాన స్వభావం ఒకటి కాదు కదా. సాలిట్యూడ్‌లో మనిషి కోరి తెచ్చుకున్న ప్రశాంతత వినిపిస్తుంది. బాధ చెప్పుకోడానికి ఇంగ్లీషుకి లోన్లీనెస్ వేరే ఉంది. స్పానిష్‌లో రెంటికీ సొలెదాదే. కొడుకు పోయాక ఒక్కర్తే మిగిలిన మరియమాతని ఆ పేరుతోనే కొలుస్తారు, ఆడపిల్లలకి ఆ పేరు పెట్టుకుంటారు. రబాసాకి ఈ చిక్కు తెలుసు. సాలిట్యూడ్‌లో ఒంటరితనం కూడా కొంత ఇముడుతుందనే దాన్ని ఎంచుకున్నానని 2005లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పాడు.

ఇంగ్లీషుకి అంతకంటే మంచి మాట లేదు, నిజమే. కానీ మిగతా పని పాఠకుడి మీద పడుతుంది. కల్నల్ ఔరెలియానో బుయెందియా ఎక్కడ ఆగినా అతని చుట్టూ సుద్దతో వలయం గీస్తారు. కన్నతల్లి ఉర్సులాకి కూడా అందులోకి ప్రవేశం లేదు. ఆ వలయం అతని ఆజ్ఞే, అతని జైలూ అదే. ఏకాంతం అంటే అందులోని చలి దొరకదు. ఒంటరితనం అంటే అందులోని అధికారం దొరకదు.

1982 నోబెల్ ప్రసంగానికీ మార్కేస్ ఇదే మాట పెట్టుకున్నాడు: లాటిన్ అమెరికా సొలెదాద్. యూరప్ తమని తన కొలబద్దతో కొలుస్తూ, అర్థం చేసుకోకపోవడం గురించి మాట్లాడాడు. అక్కడ ‘ఏకాంతం’ అని చదివామా, ఆ ఫిర్యాదు కాస్తా ధ్యానం అయిపోతుంది. సాలిట్యూడ్ అని కనబడ్డ ప్రతిచోటా, ఈ గీత ఎవరు గీశారని అడుగుతూ చదవాలి.